పెద్దమ్మ నోట మిగిలిన మాట

మొన్న బుధవారం ఆత్మకూరు బస్టాండు ముందర ఒక షేర్ ఆటో మొరాయించింది. లోపల కిక్కిరిసి జనం, వెనకాల కాళ్ళు కట్టేసిన గొర్రెపిల్ల. డ్రైవరు నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఐదోసారికి కిందికి దిగి, ముందు చక్రాన్ని ఒక్క తన్ను తన్ని, ఒక మాట అన్నాడు. ఆడదాన్ని అనే మాట. ఆటోను అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. లోపల కూర్చున్న ఆడవాళ్ళు కూడా తిప్పలేదు. "అనంతసాగరం, అనంతసాగరం" అని పక్క ఆటో అతను అరుస్తూనే ఉన్నాడు.

నేను మాత్రం రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని అరటిపళ్ళ బండి ఆమె అడిగితే గాని నాకు తెలియలేదు. "ఏందమ్మా, ఏమయింది?" అంది. కంట్లో నలుసు పడిందన్నాను. అబద్ధాలు నాకు అంత సులువుగా వస్తాయి.

నేను కోర్టు పక్కన డీటీపీ షాపులో టైపు చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అఫిడవిట్లే. దైవసాక్షిగా ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా అని నా వేళ్ళు నన్ను అడగకుండానే కొట్టుకుపోతాయి. ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్ళు కాగితం మీది ప్రమాణం చాలదన్నట్టు తల్లి మీద ఒకటి, బిడ్డల మీద ఒకటి ఒట్టు వేస్తుంటారు. ఒట్టు ఎంత గట్టిగా ఉంటే నాకు అంత అనుమానం. ఆ అనుమానం నేర్పింది మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే రక్తసంబంధం కాదు. ఉదయగిరి దగ్గర మా పాలెంలో మా పక్కిల్లు. మా బాప్టిస్టు చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పేది. పాలెం అంతటికీ పెద్దమ్మే. ఆమె పోయి ఎనిమిది నెలలయింది. ఆ ఆటో అతను చక్రాన్ని అన్న మాటే ఆమె ఈ లోకంలో మాట్లాడిన ఆఖరి మాట. ఆఖరి ఏడాదిన్నరలో ఆమె మాట్లాడగలిగిన ఒకే ఒక్క మాట కూడా అదే. దాన్ని నేనిక్కడ రాయను. రాస్తే ఆమె ఒప్పుకోదు.

ఆమె దగ్గర ఒక చెక్క డబ్బా ఉండేది. ఉదయగిరిలో గరిటెలు, చెంచాలు చెక్కే ఆయన ఒకాయన చేసి ఇచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. బొడ్లో దోపుకునేది. దాని నిండా లవంగాలు. కోపం వస్తే మాట బయటికి రాకముందే ఒక లవంగం నోట్లో వేసుకుని పటుక్కున కొరికేది. "మంట తగ్గేలోపల కోపం కూడా తగ్గిపోతాది. తగ్గకపోతే ఇంకోటి కొరకాల" అనేది. పెద్దనాయన బతికున్న రోజుల్లో ఆమె దగ్గరికి పోతే ఎప్పుడూ లవంగాల వాసనే. ఆ వాసన ఎందుకు అంత ఘాటుగా ఉండేదో ఆలోచించే వయసు కాదు నాది.

ఎదుటివాళ్ళకూ అదే వైద్యం. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు తగిలించుకుని తల్లీ పిల్లా తేడా లేకుండా తిట్టుకుంటుంటే ఈమె మధ్యలోకి పోయి డబ్బా మూత తీసి నిలబడేది. "ఏసుకోండి. మంట తగ్గేదాకా మాట్లాడబాకండి." నోట్లో లవంగం పెట్టుకుని తిట్టడం ఎంత కష్టమో తిట్టి చూస్తే గాని తెలియదు. మొదటి తిట్టుకే ఉమ్మి కారుతుంది. రెండోదానికి నవ్వొస్తుంది.

మేకలు తోలే ఆయన ఒకాయన ఉండేవాడు. మా మతం కాదు. ఒకరోజు ఆయన మేకలు దడి తోసుకుని పెద్దమ్మ చుక్కకూర మడి మొత్తం మేసేశాయి. ఆమె వచ్చి ఏమంటుందోనన్న భయంతో ఆయన ముందుగానే మేకల మీద తిట్లు అందుకున్నాడు. వాటి తల్లిని, ఆ తల్లికి తల్లిని, ఎవరినీ వదల్లేదు. పెద్దమ్మ గడపలో నిలబడి అంతా విని, నిదానంగా బొడ్లోంచి డబ్బా తీసింది.

"ఆకు పోతే మళ్ళా వస్తాది అబ్బయా. ఆ మేక తల్లి నిన్నేం చేసింది?"

ఆయన లవంగం తీసుకుని నమిలాడు. కళ్ళమ్మట నీళ్ళు. ఆ మర్నాటి నుంచి మా వీధిలో మేకలు పోయేటప్పుడు ఆయనే చెయ్యి చాపేవాడు. "అమ్మా, ఈరోజు తిట్టలేదు. అయినా ఒకటియ్యి."

బూతు కంటే కూడా ఒట్టు అంటే ఆమెకు చిరాకు. కొండ మీద ప్రభువు చెప్పిన సంగతుల్లో అందరూ కరుణ గురించి, క్షమాపణ గురించి చెబుతారు. ఈమెకు మాత్రం ఒట్టు పెట్టుకోవద్దన్న సంగతి మీదే గురి. మేము మాటకు ముందు అమ్మతోడు, మాటకు వెనక దేవుడితోడు. "మీ అమ్మను ఎందుకు లాగుతావు మధ్యలోకి? పాపం, పొయ్యికాడ ఉండాది ఆమె" అనేది. "అవునా? అవును. కాదా? కాదు. ఆడికి నిలపాల. నువ్వు ఒట్టు ఏసినావంటే, ఒట్టు లేనప్పుడు చెప్పిందంతా అబద్ధమని నువ్వే ఒప్పుకున్నట్టు."

ఒకసారి పింఛను కాగితాల్లో పేరు తప్పు పడిందని అఫిడవిట్ కోసం ఆత్మకూరులో నా షాపుకు వచ్చింది. టైపు చేసి చదివి వినిపించాను. ప్రమాణం దగ్గర ఆపించింది.

"ఈ ముక్క తీసెయ్యి."

"తీసేస్తే చెల్లదు పెద్దమ్మా."

"నిజం చెల్లకుండా యాడికి పోతాది పాపా?"

కాగితాల కోసం వచ్చిన లాయరుగారు ఒకాయన విని నవ్వి, ప్రమాణం ఇష్టం లేనివాళ్ళకు వేరే మాట ఉంది, అది పెట్టమ్మా అని చెప్పాడు. అది పెట్టాక ఎడమచేత్తో కాగితం అదిమి పట్టుకుని, బడిపిల్లలా గుండ్రంగా సంతకం చేసింది. నిజానికి ఆ రోజు నాకు సిగ్గేసింది. అందరూ చేసే సంతకానికి ఈమెకేమిటి ఇంత రాద్ధాంతం అనుకున్నాను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. మనసులో పగ పెట్టుకుని, నోట్లో అబద్ధం పెట్టుకుని దాన్ని ముట్టకూడదు. అందుకని ఆ ఆదివారం పెద్దమ్మ గంట కొట్టకముందే వచ్చి చాపల మధ్య తిరిగేది. ఎవరికెవరికి పడదో ఆమెకు తెలుసు. ఇద్దరి చేతులూ తెచ్చి కలిపేది. "ఏమన్నావో అది వెనక్కి తీసుకో. తీసుకుని పోయి బల్ల దగ్గర కూర్చో." కొందరు పళ్ళు కొరుక్కుంటూనే చేతులు కలిపేవాళ్ళు. ఆమెకు అది కూడా చాలు. ఆ బల్ల అంటే ఆమెకు పండగ. తెల్లచీర ఒకటి దానికోసమే విడిగా ఉండేది. నెలంతా ఆ ఒక్క పూట కోసమే బతికినట్టు కట్టుకుని వచ్చేది.

సండే స్కూల్లో ఆమె ఏటా చెప్పే పాఠం ఒకటుంది. రెండు డబ్బాలు తెచ్చేది. ఒకటి లవంగాలది. ఇంకోదాంట్లో ఏముందో చెప్పేది కాదు. మాలో ఒకరిని పిలిచి మూత తీయమనేది. కుళ్ళిన గుడ్డు వాసనకు అందరం ముక్కులు మూసుకుని లేచి పరిగెత్తేవాళ్ళం. "మూత తీస్తే లోపల ఏముండాదో తెలిసిపోతాది. మన నోరు కూడా మూతే. గుండెలో ఏముంటే అదే బయటికొస్తాది" అనేది. మా పాలెంలో ఆ పాఠం విననివాళ్ళు లేరు. తర్వాత చర్చి సంఘానికి పెద్ద అయిన ఆమె మరిది కూడా ఆ వెనక చాప మీద కూర్చుని విన్నవాడే. ఆ పాఠం చెప్పకపోయుంటే ఎంత బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను.

నాకు నాలుగేళ్ళో ఐదేళ్ళో ఉన్నప్పుడు జరిగింది చెప్పాలి. పెద్దనాయనకు పాలెంలో గొప్ప పేరు. చర్చిలో పాట ఎత్తేది ఆయనే. ప్రార్థన చేస్తే ఆడవాళ్ళు పైట కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ గొంతు అట్లాంటిది. అదే గొంతు ఇంట్లో పెద్దమ్మను పేరు పెట్టి పిలిచేది కాదు. ఒసే అని, పక్కన ఆ మాట చేర్చి, నీళ్ళు తెమ్మనేది. మళ్ళీ ఆ మాట అని, అన్నం పెట్టమనేది. కోపంగా కూడా కాదు. మనం కుర్చీని కుర్చీ అన్నట్టు. గోడ అవతల నుంచి పొద్దున్నే అది విని విని, అది ఆమె పేరే అనుకున్నాను నేను.

ఒకరోజు మా అమ్మ చింతపండు అడిగి రమ్మంటే, గోడ దగ్గర నిలబడి ఆ మాటకు పెద్దమ్మా అని చేర్చి గట్టిగా పిలిచాను. మా అమ్మ చీపురు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. పెద్దమ్మ గోడ మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టబాక మే. బిడ్డకేం తెలుసు? ఆయన పిలిచేది విని నా పేరనుకున్నింది."

మా అమ్మ చీపురు దించేసి తల వంచుకుంది. పెద్దమ్మ చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, నా నోట్లో ఒక లవంగం పెట్టింది. మంటకు ఏడ్చాను. ఏడుపు తగ్గాక నా చెవిలో చెప్పింది. "అది నా పేరు కాదు పాపా. నా పేరు వేరే ఉండాది." ఆ పేరు కూడా చెప్పింది. అంత మంచి పేరు. ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలవగా నేను వినలేదు. దాన్ని కూడా ఇక్కడ రాయడం లేదు. రాసే హక్కు నాకెందుకు లేదో చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

పెద్దనాయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన పేరు చెక్కిన గంట చర్చి మీద ఉంది. ఏటా ఆయన జ్ఞాపకంగా మూడు రోజులు ప్రార్థన కూటాలు పెడతారు. పిల్లలు లేరు కాబట్టి పెద్దమ్మ మరిది ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన్ను నేను చిన్నాయన అంటాను. చెడ్డవాడు కాదు. వదినను తల్లిలా చూసుకున్నాడు. అదే నా బాధ. చెడ్డవాడయితే నాకింత కష్టం ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట, బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ పెద్దమ్మ పడిపోయింది. పక్షవాతం. నెల్లూరు ఆసుపత్రిలో ఇరవై రోజులుంచారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. మనుషుల్ని గుర్తుపట్టేది, అన్నీ అర్థమయ్యేవి. ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి బల్ల ఆదివారం తెల్లచీర కట్టించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకొచ్చారు. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పాస్టరుగారు దగ్గరికి వచ్చి వంగి, "వందనాలమ్మా, బాగుండావా?" అన్నారు.

ఆమె నవ్వబోయింది. వందనాలు చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట వచ్చింది.

గట్టిగా, స్పష్టంగా వచ్చింది. చర్చి అంతా వినబడింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తీసి, తప్పయిందని చెప్పబోయింది కాబోలు, మళ్ళీ అదే మాట. ఇంకోసారి, ఇంకోసారి. చెప్పాలని చూసిన కొద్దీ అదే వస్తోంది. ముందు చాప మీది తల్లులు పిల్లల చెవులు మూశారు. చిన్నాయన పరిగెత్తుకొచ్చి, కండువా ఆమె నోటికి అడ్డం పెట్టి, కుర్చీతో సహా ఎత్తించి ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఆదివారం ఆమెకు రొట్టె అందలేదు.

ఆ తర్వాత సంఘ పెద్దలు కూర్చున్నారు. ఆమె మీద చెయ్యి పెట్టి, నూనె రాసి, దురాత్మ పోవాలని ప్రార్థన చేశారు. దురాత్మను పేరు చెప్పమని గద్దిస్తే, ఆమె నోట వచ్చింది ఆ మాటే. ఇక అందరికీ నమ్మకం కుదిరింది. కుదరనివాళ్ళు కూడా అన్నది ఒకటే: మూత తీస్తే తెలిసిపోతుందని ఆమే గదా చెప్పింది, ఇన్నాళ్ళూ లోపల అది పెట్టుకుని మనకు లవంగాలు పంచింది. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. అన్నది ఆమె చేతులు కలిపి సమాధానపరిచిన మనిషే. పెద్దమ్మను బల్ల నుంచి ఆపారు. పాస్టరుగారు పాపం, ఆపామని అనలేదు. తర్వాత చూద్దాం అన్నారు.

తొమ్మిది పది నెలలు నేను చూసీ చూడనట్టు తిరిగాను. తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. పెద్దమ్మ వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. లవంగాల డబ్బా దిండు పక్కన. నన్ను చూడగానే పెదాలు బిగించేసింది. ఇంట్లోవాళ్ళు చెప్పారు, కొన్ని నెలలుగా అట్లాగే ఉందట. ఆకలైనా, దాహమైనా, నొప్పి పుట్టినా నోరు తెరవదట. రాత్రి నిద్రలో తెరుచుకుంటుందేమోనని పైటకొంగు పళ్ళ మధ్య కరుచుకుని పడుకుంటుందట.

నేను మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు. నోటికొచ్చింది చెప్పేశాను.

"పెద్దమ్మా, అది నీ మాట కాదు. పెద్దనాయనది. నేను విన్నాను చిన్నప్పుడు. నీ పేరనుకున్నాను, గుర్తుండాదా?"

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు. తన గుండెలో ఏముందో తనకే తెలియకుండా పోయిన మనిషి, అది నీది కాదని ఒకరు చెబితే చూసే చూపు. ఇన్ని నెలలూ ఆమె కూడా తన పాఠాన్నే నమ్మి, తన మీద తనే తీర్పు చెప్పుకుందని అప్పుడర్థమయింది. ఎడమచెయ్యి లేపి వీధి అవతలికి, చర్చి వైపు చూపించింది. నన్ను చూపించింది. తర్వాత రెండు వేళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టుకుంది. రొట్టె. ఆ సైగకు ఇంకో అర్థం లేదు. వాళ్ళకు చెప్పు. నన్ను మళ్ళీ బల్లకు రానివ్వమని చెప్పు.

"చెప్తాను పెద్దమ్మా. రేపే చెప్తాను. ఒట్టు."

నాలుక మీదికి ఎట్లా వచ్చిందో వచ్చేసింది. ఆ స్థితిలో కూడా ఆమె తల అడ్డంగా ఊపింది. ఒట్టు వద్దు. ఒక వేలు చూపించింది. ఒక్క మాట చాలు.

"అవును" అన్నాను. "చెప్తాను. అవును."

ఆమె తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది. మూతి వంకరగానే ఉంది, కానీ ముఖం తేలికపడింది.

బయటికి వస్తుంటే చిన్నాయన గేటు దగ్గర ఎదురయ్యాడు. ఆయనకు చెప్పకుండా చర్చిలో చెప్పడం బాగుండదనిపించింది. అదే నేను చేసిన తప్పు. చెప్పాను. ఆయన కాదంటాడనుకున్నాను. అనలేదు.

"విన్నాను పాపా. మా యమ్మ వినింది, మీ యమ్మ వినింది, ఊరంతా వినింది. ఎవురన్నా ఒక్క మాటన్నారా అన్నను? ఇప్పుడంటే ఏం లాభం?"

"మరి డాక్టరు ఏమన్నాడు చిన్నాయనా?"

"తలలో మాటలు తయారయ్యే చోటు దెబ్బ తినిందన్నాడు. ఏండ్ల తరబడి చెవిలో పడిన మాట ఏదో, అదొకటే మిగిలిందన్నాడు. దురాత్మా కాదు, పాడూ కాదన్నాడు."

"అది సంఘంలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, ఎవురి దగ్గర వినిందని అడగరా?" ఆయన గేటు గొళ్ళెం పట్టుకున్నాడు. "అన్న పేరు మీద కూటాలు జరగతాండాయి. గంట మీద అన్న పేరుండాది. రేపు నువ్వు నిలబడి ఆ మాట ఆయనదంటే, ఇంక గంట కొట్టినప్పుడల్లా జనానికి ఏం వినపడతాది? వదిన సంగతి ప్రభువుకు తెలుసు. ఆమెకు ఆయన దగ్గర ఏం తక్కువ కాదు. చచ్చిపోయినోణ్ణి మళ్ళా చంపబాక పాపా."

డెబ్బై ఏళ్ళ మనిషి. నాకు సైకిలు నేర్పినవాడు. వంగి నా కాళ్ళు పట్టుకోబోయాడు.

మర్నాడు బల్ల ఆదివారం. పాటలయ్యాయి. ప్రభువు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వంతు వచ్చింది. "ఇంకెవరన్నా సాక్ష్యం చెప్తారా?" అని పాస్టరుగారు అడిగారు. నేను లేచాను. అందరూ నా వైపు తిరిగారు. చిన్నాయన తబలా పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి వీధి అవతల వాళ్ళ వసారా కనిపిస్తోంది. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. తెల్లచీర కట్టించుకుంది. ఎట్లా సైగ చేసి చెప్పిందో, ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కుర్చీ చర్చి వైపు తిప్పించుకుని, ఎవరైనా వచ్చి మోసుకుపోతారని చూస్తోంది.

"ప్రభువు ఈ నెలంతా నన్ను కాపాడినాడు. ఆయనకే స్తోత్రం" అన్నాను.

"స్తోత్రం" అన్నారు అందరూ. కూర్చున్నాను. రొట్టె పళ్ళెం నా దాకా వచ్చింది. ముక్క తీసుకుని పళ్ళెం పక్కకు అందించాను. ఆశీర్వాదం అయ్యాక ముందు వాకిలి నుంచి పోతే వసారా ఎదురుగా ఉంటుందని, వెనక తలుపు నుంచి పోయి బస్సెక్కాను. బస్సు కదిలాక కూడా కిటికీ వైపు కూర్చోలేదు.

ఆ తర్వాత ఐదు నెలలు మా పాలెం వైపే పోలేదు. షాపులో పని ఎక్కువగా ఉందన్నాను. ఒకసారి జ్వరమన్నాను. జ్వరం రాలేదు. ఆమె ఎన్ని బల్ల ఆదివారాలు తెల్లచీర కట్టుకుందో ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఫోను వచ్చినప్పుడు ఒక ఆస్తి తగాదా అఫిడవిట్ సగంలో ఉన్నాను. సగంలోనే వదిలేసి వెళ్ళాను. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టారు. అది అందరికీ కట్టేదే. అయినా చూడలేకపోయాను. ఆఖరున ఏమైనా మాట్లాడిందా అని అడిగితే ఆమె తోడికోడలు ఇటూ అటూ చూసి, "ఏముండాది, అదే. కానీ మెల్లంగా అనింది. ఎవురినో పిలిచినట్టు" అంది. డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నీకియ్యమని సైగ చేసిందని చెప్పింది. నా మీద కోపం ఉండి ఇచ్చిందా, లేక క్షమించి ఇచ్చిందా, నాకు తెలియదు. మూత తీస్తే అడుగున నాలుగు లవంగాలున్నాయి.

సమాధి దగ్గర సాక్ష్యాలు చెప్పారు. అందరూ మంచే చెప్పారు. మేకలాయన దూరంగా నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆఖరి దినాల్లో సాతాను శోధించినా ప్రభువు ఆమెను క్షమించుగాక అని ఒకాయన ప్రార్థన చేశాడు. క్షమించాల్సింది ఆమెను! నా గొంతులోకి అరుపు వచ్చింది. డబ్బా తెరిచి ఒక లవంగం నోట్లో వేసుకుని కొరికాను. ఎందుకు కొరికానో తెలియదు. అలవాటు. చిన్నప్పటి నుంచి ఆమె నాకు చేసిన అలవాటు.

"పాపా, నువ్వు చెప్పు. నువ్వంటే ప్రాణం గదా ఆమెకు" అన్నాడు చిన్నాయన. ఆయన ముఖంలో భయం కనిపిస్తూనే ఉంది.

మంట తగ్గేదాకా మాట్లాడకూడదు. తల అడ్డంగా ఊపాను. దుఃఖం ఆపుకోలేకపోతోంది పాపం అని వెనక ఎవరో అన్నారు. మట్టి వేశారు. ఆమె జీవితమంతా తిరిగి తిరిగి అందరికీ నేర్పిన నోరు మూసుకోవడం, ఆ రోజు మా పాలెంలో నేనొక్కదాన్నే సరిగ్గా చేసి చూపించాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మళ్ళీ బల్ల. చాపల మధ్య తిరిగి చేతులు కలిపేవాళ్ళు లేరు. ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. పైన గంట మోగింది. తప్పు ఉన్నవాళ్ళు, మాట తప్పినవాళ్ళు తమను తాము పరీక్షించుకోవాలని, యోగ్యత లేదనుకుంటే పళ్ళెం పక్కకు అందించాలని పాస్టరుగారు ఎప్పటిలాగే చెప్పారు. పళ్ళెం వరసగా వస్తోంది. నా పక్కామె తీసుకుని నాకు అందించింది. చిన్నాయన ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఇన్నేళ్ళలో నా నోటి నుంచి ఒక్క చెడ్డమాట విన్నవాళ్ళు మా సంఘంలో లేరు. నన్ను ఎవరూ ఆపలేదు. రొట్టె తీసుకుని తిన్నాను. అప్పటి నుంచి ప్రతి నెలా తింటూనే ఉన్నాను.